బోర్డు మీద ‘నేను’

మా భిలాయి తెలుగువాళ్లకి ఒక గొప్ప సౌకర్యం ఉండేది. ఏ సినిమా బాగుందో, ఏది బాగాలేదో మాకు చూడకుండానే తెలిసిపోయేది.

ఆంధ్రాలో ఆడిన సినిమా మా దాకా రావడానికి నెలలు పట్టేది. ఈలోపు విశాఖపట్నంలోనో విజయనగరంలోనో ఉన్న చుట్టాలు ఫోన్లు చేసి తీర్పు చెప్పేసేవాళ్లు. హిట్టా ఫట్టా, ఏ పాటకి ఈల వేయాలి, ఎక్కడ ఏడుపొస్తుంది, విలన్ ఎలా చస్తాడు, అన్నీ. మేము హాల్లోకి వెళ్లేది సినిమా చూడటానికి కాదు, విన్నదానికీ తెర మీద ఆడేదానికీ సరిపోయిందో లేదో పోల్చుకోవడానికి. సరిపోకపోతే తప్పు మాదే అనుకునేవాళ్లం.

మా ఇంటి తీర్పులన్నీ విశాఖపట్నంలో ఉన్న మా మేనత్త ఇచ్చేది. శనివారం సాయంత్రం ఫోన్ మోగిందంటే అమ్మ పిండి చేతులతోనే పరిగెత్తేది. పావుగంట సేపు అమ్మ నోటి నుంచి “ఊఁ”, “అలగా”, “ఓలమ్మ” తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. ఫోన్ పెట్టేశాక ఆ తీర్పుని వీధిలో ఆడవాళ్లకి చేరవేసేది. వాళ్ల నుంచి మగవాళ్లకి, మగవాళ్ల నుంచి వాళ్లు పనిచేసే ఉక్కు ప్లాంటుకి. ఫస్ట్ షిఫ్టులో బయల్దేరిన మాట సెకండ్ షిఫ్టు దిగేసరికి ప్లాంటు క్వార్టర్లున్న సెక్టార్లన్నీ చుట్టి వచ్చేది. అత్తయ్య బాగుందంటే బాగుంది, తుస్సంటే తుస్సు.

అమ్మ అసలు ఎవరి మాటనీ కాదనే మనిషి కాదు. కూరలో ఉప్పెక్కువైందని నాన్న అంటే ఎక్కువైందనేది. అదే కూర తిని బాబాయి చప్పగా ఉందంటే, అవును, ఒక చిటికెడు పడాల్సింది అనేది. ఇద్దరూ ఒకే బంతిలో కూర్చుని ఉన్నా సరే. నేను మాత్రం అమ్మ కంటే నాలుగాకులు ఎక్కువే చదివాను. చూడని సినిమా గురించి కాలేజీలో అరగంట మాట్లాడగలిగేదాన్ని. హాల్లో పక్కవాళ్లని మోచేత్తో పొడిచి, “ఇప్పుడు చూడు, ఇక్కడ ఏడుపొస్తుంది” అనేదాన్ని. వాళ్లు ఏడ్చేవాళ్లు. నేనూ ఏడ్చేదాన్ని. నాన్న ఒక్కరే నిద్రపోయేవారు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో ఆరు రోజులు వేడికి మాడి వచ్చిన మనిషికి చీకటి, ఫ్యాను ఉంటే చాలు, తెర మీద ఎవరు చస్తే ఏమిటి?

ఈ తెలుగు సినిమాలు తెప్పించేది మా బాబాయి. నాన్నకి తమ్ముడు. పవర్‌హౌస్ బజార్లో ఆయనకి కుక్కర్లూ స్టవ్వులూ బాగుచేసే దుకాణం ఉండేది. అది బతకడానికి. ఆయన ప్రాణం మాత్రం ఆదివారం మార్నింగ్ షో. అక్కడి ఒక పాత థియేటర్‌ని ఆదివారం పొద్దున్న పూట మాట్లాడుకుని, విశాఖ నుంచి రైల్లో రీళ్ల డబ్బా తెప్పించి ఆడించేవాడు. చర్చికి వెళ్లే కుటుంబాలు ఆరాధన అవగానే తెల్లబట్టల్లోనే పరిగెత్తుకొచ్చేవి, వాళ్లు వచ్చేదాకా బాబాయి ఏదో ఒక వంకతో ఆట మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. మాలాంటి అక్కడే పుట్టిన పిల్లలం ఇంట్లో తప్ప తెలుగు వినేది ఆ మూడు గంటలే. బయట అంతా హిందీ. మా వీధి పిల్లలు కలలు కూడా హిందీలోనే కంటారని బాబాయి బాధ.

నాకు తెలుగు రాయడం వచ్చు, అమ్మ పట్టుబట్టి నేర్పింది. అందుకని బాబాయి దుకాణం ముందు నల్లబోర్డు మీద ప్రతివారం సినిమా పేరు రాయడం నా వంతు. పేరు కింద ఒక మాట రాయాలి. అత్తయ్య బాగుందంటే ‘సూపర్ హిట్’, ఫరవాలేదంటే ‘కుటుంబ సమేతంగా చూడండి’. తుస్సంటే ఏమీ రాయకుండా రెండు పువ్వులు గీసేదాన్ని. మా జనానికి ఆ పువ్వుల అర్థం తెలుసు, ఆ వారం ఇంట్లోనే ఉండిపోయేవాళ్లు.

అవి ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులు. ఆఫీసుల బోర్డుల మీద మధ్యప్రదేశ్ అన్న మాటని చెరిపి కొత్త పేరు రాస్తున్నారు. అదే ఊపులో ఛత్తీస్‌గఢీ సినిమాలు వరసపెట్టి వచ్చేవి, జనం లారీలెక్కి వచ్చి చూసేవాళ్లు. మా తెలుగు షోకేమో వరసగా మూడు వారాలు పువ్వులే పూశాయి. థియేటర్ యజమాని బాబాయిని పిలిచి, పక్కన కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి మరీ చెప్పాడు. “ఔర్ ఏక్ సండే, భాయ్‌సాబ్. బస్.” ఇంకొక్క ఆదివారం చూస్తాను, అప్పుడూ హాలు బోసిపోతే ఆ పూట వేరేవాళ్లకి ఇచ్చేస్తాను అని. బాబాయి ఇంటికొచ్చి గోడకి జారబడి కూర్చున్నాడు. ఆ మనిషి నవ్వకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

సరే, ఆ ఆదివారానికి బాబాయి బ్రహ్మాస్త్రం తీశాడు. ఊరంతా ఎదురుచూస్తున్న పెద్ద హిట్టు సినిమా కావాలని విశాఖకి కబురు పెట్టాడు. శుక్రవారం దుర్గ్ స్టేషన్లో డబ్బా దిగింది. దాని మీద పేరు చూసి ఆయన మొహం పాలిపోయింది. వాళ్లు వేరే సినిమా పంపించేశారు! మార్చి తెప్పించడానికి టైము లేదు. ఆ వచ్చిన సినిమా సంగతి అత్తయ్య ఎప్పుడో తేల్చేసింది కూడా. “తుస్సు. ఫైట్లు లేవు. హీరో పొట్టోడు. ఎప్పుడు సూడు పీపీ ఊదుకుంటూ కూకుంటాడు.”

శనివారం మధ్యాహ్నం రీళ్లు ఎక్కడైనా తెగాయేమో చూసుకోవడానికి బాబాయి థియేటర్‌కి బయల్దేరాడు. నేనూ వెంటబడ్డాను. బోర్డు మీద పువ్వులు గీయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. కనీసం ఒక పాటైనా బాగుంటే దాని గురించి రాద్దామని ఆశ.

ఖాళీ హాల్లో బాబాయి, నేను. పైన గదిలో ఆపరేటర్ భయ్యా, పక్కనున్న ఉతై ఊరి వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. మధ్యలోంచి ఒక రీలు తీసి వేశాడు.

కథ ఏమిటంటే, హీరో ఒక బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. సరిగ్గా వాడి పెళ్లిరోజునే మేళంలో రెండో క్లారినెట్ వాడు అలిగి వెళ్లిపోతాడు. మేళం మోగకుండా తాళి కట్టనివ్వనని పెళ్లికూతురి మేనమామ భీష్మించుకుంటాడు. ఇంకేం చేస్తాడు? నుదుటి మీద బాసికంతో, పీటల మీద కూర్చుని, తన పెళ్లికి తనే ఊదడం మొదలుపెడతాడు పెళ్లికొడుకు. పురోహితుడు మంత్రం చెప్పమంటాడు, చెప్పడానికి నోరు ఖాళీ లేదు. నోరు ఖాళీ చేసుకుంటే డప్పులవాళ్లు ఆగిపోతారు. వాళ్లు ఆగితే మేనమామ కర్ర పట్టుకుని లేస్తాడు. తలంబ్రాలు పోస్తుంటే బియ్యం పోయి క్లారినెట్‌లో పడ్డాయి. వాడు బుగ్గలు పూరించి ఒక్క ఊదు ఊదాడు, ఆ బియ్యమంతా వెళ్లి పురోహితుడి మొహాన పడింది.

నేను నవ్వాను. ఎవరూ ఇక్కడ నవ్వొస్తుందని చెప్పలేదు, పక్కన ఎవరూ పొడవలేదు, అయినా నవ్వొచ్చేసింది. ముందు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాను. తర్వాత కుర్చీలోంచి జారి రెండు వరసల మధ్య కూలబడి, కళ్ల నీళ్లు కారుతుంటే, ఊపిరాడక ఎక్కిళ్లు పెడుతూ నవ్వాను. పైనుంచి ఇంకో నవ్వు వినిపించింది. ఆపరేటర్ భయ్యా కంతలోంచి తల బయటపెట్టి పగలబడి నవ్వుతున్నాడు. “దీదీ, అగ్లా భీ లగా దూఁ?” తర్వాతి రీలు కూడా వేయనా అని అడుగుతున్నాడు. వేయమన్నాను. దాని తర్వాతదీ వేయమన్నాను.

బాబాయి మాత్రం తెర చూడటం మానేసి నన్నే చూస్తున్నాడు.

“ఏమే గుంటా, నిజంగానే బావుందా?”

“బాబాయ్, నువ్వు చూడటం లేదా?”

“సూస్తన్నాను గానీ... మీ అత్త తుస్సంది కదే. నవ్వితే ఏటనుకుంటారో.”

ఆ మాటకి నాకు మళ్లీ నవ్వాగలేదు. చీకట్లో, ఖాళీ హాల్లో, ఎవరేమనుకుంటారని? కుర్చీలా?

థియేటర్ బయటికొచ్చేసరికి నాకు ఒళ్లు తేలిపోతోంది. మాడ్చే ఎండ కూడా బాగుంది, రోడ్డు మీద దుమ్ము కూడా బాగుంది. నాకొక అభిప్రాయం ఉంది! అచ్చంగా నాది! ఎవరూ ఫోన్లో చెప్పింది కాదు, ప్లాంటు చుట్టి వచ్చింది కాదు. సైకిల్ మీద వస్తూ వస్తూ భయం కూడా వేసింది. ఊరంతా తుస్సన్న సినిమా నాకింత నచ్చిందంటే నాకు గానీ తిక్క పట్టిందా? దారిలో రెండుసార్లు ఆ సీను గుర్తు చేసుకుని చూశాను. రెండుసార్లూ నవ్వొచ్చింది. రెండోసారి సైకిల్ కూడా ఒరిగిపోయింది. లేదు, తిక్క కాదు, బాగుంది.

బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ‘సూపర్ హిట్’ అని రాస్తే అబద్ధం. హిట్టు కాదని పసిపిల్లలకి కూడా తెలుసు. చాలాసేపు ఆలోచించి, సినిమా పేరు కింద ఇలా రాశాను. ‘నేను చూశాను. నాకు నచ్చింది. కింద పడి నవ్వాను.’

బాబాయి చూసి నెత్తి గోక్కున్నాడు. “ఇలగ ఎవులైనా రాస్తారేటే?” అన్నాడు. కానీ చెరపలేదు.

సాయంత్రానికి బజారంతా ఒకటే గోల. ఎవరీ నేను? షిఫ్టు దిగి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు కాలు నేల మీద ఆనించి బోర్డు చదివేవాళ్లు. సినిమా పేరే ‘నేను చూశాను’ అనుకుని, ఈ పేరు ఎప్పుడూ వినలేదే అని వెళ్లినవాళ్లున్నారు. బాబాయే కింద పడ్డాడనుకుని దెబ్బలేమైనా తగిలాయా అని అడిగినవాళ్లున్నారు. ఒకాయన భిలాయి-3 నుంచి కుక్కరు పట్టుకొచ్చి, దాని సంగతి మర్చిపోయి, “ఎవలండీ ఆ నేను? పెద్దమనిషేనా?” అని నిలదీశాడు. నేను దుకాణం లోపల స్టవ్వుల వెనక దాక్కుని కిక్కురుమనకుండా కూర్చున్నాను. బయటికి రావాలంటే భయం, మరోపక్క గంతులు వేయాలనిపిస్తోంది.

ఇంటికెళ్లేసరికి ఫోన్ మోగుతోంది. అమ్మ ఎత్తింది. “ఊఁ”, “అలగా” అంటూనే నన్ను గుడ్లురిమి చూసి రిసీవర్ నా చేతిలో పెట్టింది. మా వీధి చివరింటావిడ అప్పటికే విశాఖకి మోసేసింది.

“ఏటే, నాను తుస్సంటే నువ్వు బావుందని బోర్డు రాసీసేవట?” అత్తయ్య గొంతు ఫోన్ పగలగొట్టుకుని వస్తోంది. “నా కంటే నీకు ఎక్కువ తెలిసిపోయిందేటే?”

“లేదత్తా, నాకు నవ్వొచ్చింది, అందుకని రాసేను. అందులో పెళ్లి సీను నీకు నచ్చలేదా?”

“ఏ పెళ్లి?”

“అదే అత్తా, పెళ్లికొడుకే క్లారినెట్ ఊదుతాడు కదా.”

“పెళ్లికొడుకు ఊదడమేటే?”

“అత్తా, నువ్వు సినిమా చూసేవా?”

“నానెందుకు సూస్తానే? మా పక్కింటాయన సెప్పేడు.”

“ఆయన చూసేరా?”

“ఆయనా సూళ్లేదు. ఆయన బావమరిది సూసేడట. తలనొప్పొచ్చి ఇంటర్వెల్లుకే లేచొచ్చీసేడట, పాపం.”

నేను నవ్వు ఆపుకోలేక రిసీవర్‌ని గుండెలకి నొక్కుకున్నాను. ఎక్కడో విశాఖపట్నంలో ముక్కూ మొహం తెలియని ఒక బావమరిదికి తలనొప్పి వస్తే, ఇక్కడ భిలాయిలో సెక్టార్లన్నీ తలుపులేసుకుని కూర్చోబోయాయి! “నవ్వుతావేటే, నవ్వుతావేటే” అంటూ అత్తయ్య తిట్టి తిట్టి, చివరికి, “ఆ పెళ్లి సీను ఏటో సరిగ్గా సెప్పు” అంది. నేను చెప్పలేదు. చూడమన్నాను.

ఆదివారం పొద్దున్న థియేటర్ గేటు పక్కన యజమాని స్వయంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాబాయి ఆయన వైపు చూడకుండా చొక్కా గుండీలు పెట్టుకుంటూ తీసుకుంటూ తిరుగుతున్నాడు. ఒక్కరూ నవ్వకపోతే? అప్పుడు బాబాయి షో పోయింది నా బోర్డు వల్లే అవుతుంది.

జనం వచ్చారు. ఎగబడి కాదు, అలాగని బోసిగానూ కాదు. సగం మంది సినిమా చూద్దామని, సగం మంది ఆ ‘నేను’ ఎవరో చూద్దామని. తెల్లబట్టల కుటుంబాలు కూడా వచ్చేశాక ఆట మొదలైంది. అమ్మ నా పక్కన, నాన్న అమ్మ పక్కన. నేను తెర వైపు కాదు, వెనక్కి తిరిగి జనం మొహాల వైపే చూస్తూ కూర్చున్నాను. మొదట అంతా బిగదీసుకుని ఉన్నారు. పెళ్లి సీను వచ్చింది. పురోహితుడి మొహాన బియ్యం పడ్డాయి. ఎక్కడో మూల ఒక ముసలాయన ‘హి’ అన్నాడు. అంతే. పైనుంచి ఆపరేటర్ భయ్యా గొల్లుమన్నాడు, ఒక వరస కదిలింది, దాని వెనక వరస కదిలింది. బాబాయి గోడ వారగా నిలబడి, నోట్లో రుమాలు కుక్కుకుని ఊగిపోతున్నాడు. నాన్న కూడా లేచారు! ఏమైంది ఏమైంది అని అడిగి, తెలుసుకుని, మళ్లీ పడుకున్నారు.

అందరికీ నచ్చిందని అనను. ఇంటర్వెల్లులో స్మృతి నగర్ నుంచి వచ్చిన ఒకాయన, ఎవరో నన్ను చూపిస్తే నా దగ్గరికొచ్చి, “నువ్వేనామ్మా ఆ నేను? బిల్కుల్ బక్వాస్ సినిమా. పైగా కింద పడ్డావా?” అన్నాడు. ఉత్త చెత్త అనేసరికి నాకు మొహం మాడిపోయింది. ఉండబట్టలేక, “ఎక్కడ నచ్చలేదు అంకుల్?” అని అడిగాను. ఆయన ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాడు. హీరో తల్లి ఎందుకు అన్నిసార్లు దగ్గుతుంది, రెండో పాట ఎందుకు, మేనమామకి అంత పౌరుషం ఏమిటి. వింటూ ఉంటే నా మాడిన మొహం విచ్చుకుంది. ఆయన తన కళ్లతో చూశాడు. తిట్టిన ప్రతి తిట్టూ ఆయన సొంతం. ఆయనకి ఒక సమోసా ఇప్పించాను.

ఆట వదిలాక అసలు తమాషా మొదలైంది. ఎవరూ ఇళ్లకి కదలడం లేదు. మామూలుగా అయితే అంతా ముందే తెలిసిన విషయం కాబట్టి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు, సైకిళ్లు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఆ రోజు సమోసా బండి చుట్టూ గుంపులు గుంపులుగా నిలబడి వాదించుకుంటున్నారు. బాగుందని కొందరు, ఏం బాగుందని కొందరు, తెలుగులో మొదలుపెట్టి కోపం వచ్చేసరికి హిందీలోకి, హిందీలో మాట దొరక్క మళ్లీ తెలుగులోకి. నా ఈడు పిల్లలు కూడా తడుముకుంటూ తెలుగులోనే దెబ్బలాడుతున్నారు. మధ్యాహ్నం ఆటకి వచ్చిన జనం ఏం జరిగిందోనని ఆగి చూస్తున్నారు. యజమాని కుర్చీలోంచి లేచి వచ్చి, “అగ్లే సండే కౌన్ సీ లగా రహే హో?” అన్నాడు. వచ్చే ఆదివారం ఏ సినిమా వేస్తున్నావు అని. బాబాయి జవాబు చెప్పడం మర్చిపోయి ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు.

నేను అమ్మ కోసం వెతికాను. అమ్మ గోడ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“అమ్మా, నవ్వి నవ్వి ఏడుపొచ్చిందా?”

“నవ్వడానికి అందులో ఏటుందే?” అంది అమ్మ.

నేను తెల్లబోయాను. “అదేంటమ్మా, ఆ పెళ్లి సీను...”

“ఆ పెళ్లే సెప్తన్నాను. సొంత పెళ్లిలో కూడా పని సేసుకోవలిసొచ్చింది ఆడికి. పక్కన పెళ్లాం కూకుంటే తిరిగి సూడ్డానికి లేదు. నా పెళ్లికి వంటోళ్లు రాకపోతే మా నాన్నే గాడిపొయ్యి కాడ నిలబడ్డాడు. నా మెడలో తాళి పడినప్పుడు ఆయన సేతిలో గరిటుంది. ఇటు సూడ్డానికి తీరలేదు ఆయనకి. ఆడు అలగ ఊదతంటే నాకు మా నాన్నే అవుపించేడు. మీరందరూ పళ్లికిలిస్తారేటే?”

“కానీ నవ్వొచ్చేలాగే తీశాడు కదమ్మా!”

“నీకు నవ్వొచ్చింది. నాకు ఏడుపొచ్చింది. అది ఏడుపు సినిమాయే.”

“కాదమ్మా, నవ్వుల సినిమా.”

“కాదంటన్నానా!”

అమ్మ కాదంది! ఉప్పు ఎక్కువైందన్నా తక్కువైందన్నా ఔనంటూ వచ్చిన మా అమ్మ, నడిరోడ్డు మీద, అందరూ వింటుండగా, గొంతెత్తి కాదంది. నాన్న నిద్రమత్తులో మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రెండడుగులు ముందే నడవడం మొదలుపెట్టారు. వెనకాల మేమిద్దరం దారి పొడుగునా దెబ్బలాడుకుంటూ వచ్చాం. ఆవిడ ఒక్క మాట తగ్గలేదు. నేను పైకి వాదిస్తూనే ఉన్నాను గానీ, లోపల మాత్రం ఆవిడ ఓడిపోకూడదని కోరుకుంటున్నాను.

ఇంటి గుమ్మం దగ్గర అమ్మ ఆగి, తాళం తీస్తూ, “రేపు మీ అత్తకి ఫోన్ సేస్తాను,” అంది. “నువ్వు మధ్యలో మాటాడొద్దు. నాను సూసేను, నాను సెప్తాను.”